మాగ్నమ్, పిస్టల్, నా పాత .32: ఏళ్లు వాడాక తేలింది

పవర్ చూసి తుపాకీ కొందామనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా, మాగ్నమ్ (మామూలు కంటే బలంగా పేలే తూటా, దాన్ని కాల్చే రివాల్వర్) మోజు రెండో తూటాకే దిగిపోతుంది.

రాయగడలో మాది ధాన్యం వ్యాపారం. సంత రోజు నగదుతో తిరగాలి కాబట్టి చాలా ఏళ్లుగా .32 బోరు (గొట్టం రంధ్రం సుమారు 0.32 అంగుళం) రివాల్వర్, అంటే తిరిగే సిలిండర్‌లో తూటాలుండేది, నడుముకే ఉంటోంది. తర్వాత .32 పిస్టల్ (పిడిలోని మ్యాగజైన్ నుంచి తూటాలు తీసుకునేది) కూడా తీసుకున్నాను. మాగ్నమ్, 9 ఎంఎం మాత్రం టెక్సాస్‌లో అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా అక్కడి రేంజ్‌లో కాల్చినవే. మన దేశంలో 9 ఎంఎం నిషిద్ధ బోరు, మామూలు లైసెన్స్ మీద ఇవ్వరు.

.357 మాగ్నమ్ 1935 నాటిది, .44 మాగ్నమ్ 1955లో వచ్చింది. .357లో 158 గ్రెయిన్ల (సుమారు పది గ్రాములు) గుండు సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో పోతుంది. నా .32 గుండు 98 గ్రెయిన్లు, వేగం 700 అడుగులకు అటూ ఇటూ. తేడా అరచేతికే తెలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే ముందు సైటు (బ్యారెల్ కొసన గురి చూసే మొన) పైకప్పు వైపు లేస్తుంది. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి మంట పక్కలకు చిమ్ముతుంది, అక్కడ వేలు పెట్టారో కాలిందే. సైటు మళ్లీ గురి మీదికి దించేలోపు పక్క లేన్‌లో మా అబ్బాయి గ్లాక్ 9 ఎంఎం పిస్టల్‌తో మూడు కాల్చేసేవాడు.

పిస్టల్ సుఖం అదే. స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం) చేతిని తన్నే దెబ్బను కొంత మింగేస్తుంది, నడుముకు పల్చగా ఉంటుంది, గ్లాక్ 17 మ్యాగజైన్‌లో 17 తూటాలు పడతాయి. కానీ మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, పేలిన తూటా ఖాళీ కేసు బయటపడే సందులోనే నిలువునా ఇరుక్కుంటుంది. ఇంకో టెన్షన్, మ్యాగజైన్ తీసేశాం కదా అనుకుంటాం, ఛాంబర్లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) ఒకటి ఉండిపోతుంది. నా రివాల్వర్ టాప్ బ్రేక్. లాచ్ నొక్కి బ్యారెల్ కిందికి వంచితే ఆరు గదులూ కళ్లెదుటే, ఖాళీ కేసులన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. (మాగ్నమ్ ఒత్తిడికి ఆ కీలు ఆగదు, అందుకే వాటి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది.) డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గరే సుత్తిని ఎత్తి వదిలే పద్ధతిలో, ట్రిగ్గర్ బరువే, వేలు నొప్పి పెడుతుంది. అయినా ఒక తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే చాలు, పక్క గది వచ్చేస్తుంది. పాత స్టాకు తూటాలు వాడే మనకు అది చిన్న విషయం కాదు.

మా వైపు వానలకు అసలు శత్రువు తుప్పు. తోలు హోల్‌స్టర్ చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి అందులో పెట్టి దాచొద్దు. పుల్‌త్రూ (బ్యారెల్ లోపల లాగి తుడిచే తాడు), గుడ్డపేలిక, కాస్త నూనె ఉంటే రివాల్వర్ పని తొందరగా అయిపోతుంది. పిస్టల్‌కి స్లైడ్, స్ప్రింగ్, మ్యాగజైన్ అన్నీ విప్పాలి.

కొనబోయేవాళ్లు లైసెన్స్‌లో ఏరియా వాలిడిటీ చూసుకోండి. అది ఒడిశా వరకే ఉంటే పక్కనే ఉన్న పార్వతీపురానికి కూడా తీసుకెళ్లకూడదు.

2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణతో లైసెన్స్‌దారుకు రెండు తుపాకులే అన్నారు. ఇంట్లో మా తాతగారి డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) ఉంది, దాన్ని వదలలేను. పిస్టల్ డీలర్‌కి ఇచ్చేశాను.