సగం రక్తపిశాచితో మూడేళ్ళు: నియర్ ఇన్ఫినిటీ, వైడూ వాడి చూశాక

బాల్డర్స్ గేట్ 2 ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ అనే కంప్యూటర్ ఆటలో నాదంటూ ఒక పాత్ర ఉండాలని మూడేళ్ళ కిందట ఒక శనివారం రాత్రి కూర్చున్నాను. పేరు మిరేలా. తండ్రి రక్తపిశాచి, తల్లి ఆటలోని అత్కాట్లా నగరంలో వంతెన పేటలో బట్టలు కుట్టే మనిషి. ఆటగాడి బృందంలో చేరుతుంది, మెల్లగా ప్రేమలో పడుతుంది. రెండు వారాల పని అనుకున్నా. ఇప్పటికీ వారానికి రెండు రాత్రులు దానికే పోతున్నాయి.

ఈ మూడేళ్ళూ నా చేతిలో ఉన్నవి రెండే పనిముట్లు, రెండూ ఉచితం. నియర్ ఇన్ఫినిటీ జావా మీద నడుస్తుంది. ఆట లోపలి ఫైళ్ళన్నీ తెరిచి చూపిస్తుంది, మార్చుకోనిస్తుంది. వైడూ మనం రాసిన సంభాషణల్ని, స్క్రిప్టుల్ని (పాత్ర ఎప్పుడేం చేయాలో చెప్పే ఆదేశాల్ని) ఆటలోకి ఎక్కిస్తుంది. దానికి కిటికీలూ బొత్తాలూ ఏమీ ఉండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే.

ముందు పిశాచం సంగతి. ఆటలోని జాతుల పట్టికలో సగం రక్తపిశాచి అనేది లేదు. కాబట్టి మిరేలాను మనిషిగానే పెట్టి, ఆమె వేలికి ఒక ఉంగరం తొడిగాను. శక్తులన్నీ ఆ ఉంగరంలోనే. చీకట్లో చూపు, గాయాలు వాటంతటవే మానడం, లెవెల్ డ్రెయిన్ (పిశాచాల దెబ్బకు పాత్ర స్థాయి పడిపోవడం) అంటకపోవడం. చివరిదానికి 101వ ఎఫెక్టు పెట్టి, అది అడ్డుకోవాల్సింది 216, అంటే లెవెల్ డ్రెయిన్ నంబరు, అని చెబితే చాలు. ఉంగరాన్ని ఆటగాడు ఊడదీయకుండా ‘అన్‌డ్రాపబుల్’ అన్న చోట టిక్ పెట్టాలి. నియర్ ఇన్ఫినిటీలో ఇదంతా ఒక సాయంత్రం పని. అది చూసి పొంగిపోయాను, పాత్ర సగం అయిపోయిందనుకున్నాను.

బాల్కన్ పల్లెల్లో ధాంపిర్ అని ఒక పాత నమ్మకం ఉంది. రక్తపిశాచికి, మనిషికి పుట్టిన బిడ్డకు ఎవరికీ కనబడని పిశాచం కనబడుతుందట. ఊళ్ళో పీడ తగిలితే డబ్బిచ్చి అలాంటివాణ్ణి పిలిపించేవాళ్ళు, మన పక్క భూతవైద్యుణ్ణి పిలిపించినట్టే. అది నాకు కోరలకంటే నచ్చింది. శ్మశానవాటిక పేటలో పిశాచాలు దగ్గర్లో ఉంటే మిరేలాకు ముందే తెలిసిపోతుంది, ఒక ముక్క అని ఊరుకుంటుంది. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లోనే హెక్సాట్ అనే పూర్తి రక్తపిశాచి బృందంలో చేరుతుంది కాబట్టి, నా మనిషి ఆమెకు నకలులా ఉండకూడదన్న పట్టుదల కూడా ఉంది.

పగటి ఎండకు మిరేలా కాస్త నీరసపడాలి. పగలు, ఆరుబయట అని స్క్రిప్టులో రెండు షరతులు రాసి, గురి తగ్గించే చిన్న మంత్రం తగిలించాను. ఆటేమో ఆ షరతుల్ని మాటిమాటికీ చూసుకుంటూనే ఉంటుంది. చూసిన ప్రతిసారీ మంత్రం మళ్ళీ పడింది. ఉమర్ కొండల్లో పది అడుగులు వేసేసరికి ఎదురుగా ఉన్న గోడను కొట్టినా ఆమె గురి తప్పే పరిస్థితి. ‘ఇప్పటికే పడింది’ అని గుర్తు పెట్టుకునే వేరియబుల్ ఒకటి పెట్టాక సర్దుకుంది. రాయడం మరిచింది నేనే, పనిముట్టును అనడానికి లేదు.

అసలు కాలం గడిచేది వైడూతోనే. సంభాషణ మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. ప్రతి మాటకూ అటూ ఇటూ టిల్డా (~) గుర్తు ఉండాలి. ఒక్కటి మరిచామా, ఎర్రర్ వస్తుంది, లైను నంబరు కూడా చెబుతుంది. కానీ తప్పు ఆ లైనులో ఉండదు, ఎక్కడో పైన ఉంటుంది. మొదటి ఏడాది నా సగం రాత్రులు ఆ వెతుకులాటకే పోయాయి. ఇప్పుడైతే ఎర్రర్ చూడగానే చెయ్యి దానంతటదే పైకి స్క్రోల్ చేస్తుంది. ఫైలు పేర్లు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. అందులో రెండు మన మాడ్ (ఆటకు మనం చేర్చే మార్పు) గుర్తుకు పోతాయి, కాబట్టి మూడో నెలకల్లా నా పేర్లు నాకే అర్థం కావడం మానేశాయి. పాత్ర ముఖం బొమ్మలు మూడు సైజుల్లో కావాలి, పెద్దది 210 బై 330.

ఈ కష్టమంతా మరిపించేది దాని బ్యాకప్. మాడ్ ఎక్కించే ముందు పాత ఫైలును భద్రంగా పక్కన పెడుతుంది, తీసెయ్యమంటే ఉన్నది ఉన్నట్టు తిరిగి పెడుతుంది. మధ్యలోని మాడ్ తీసేయాల్సి వస్తే, దాని తర్వాత వేసినవాటిని కూడా వరసగా తీసి, మళ్ళీ వరసగా వేస్తుంది. వందలసార్లు వేశాను, తీశాను. ఆట మాత్రం ఒక్కసారి కూడా పాడవలేదు.

ఇక ప్రేమ. ఆట లెక్కలో ప్రేమంటే రెండు వేరియబుల్స్, ఒక టైమరు. ఎన్నో మాట (అంటే ఇద్దరి మధ్య ఎన్నో ముచ్చట) దాకా వచ్చారు, ప్రేమ నడుస్తోందా చెడిందా, తర్వాతి మాటకు ఎంతసేపు ఆగాలి. ఈ టైమర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి ఆటలోని కాలాన్ని కొలుస్తుంది, రెండోది మన గడియారాన్ని. ఆటలో ఒక రోజంటే మనకు రెండు గంటలు, కానీ బృందం పడుకుని లేస్తే ఆట గడియారం ఎనిమిది గంటలు ముందుకు గెంతుతుంది. నేను మొదటి రకం పెట్టాను. ఆడి చూడమని మా మేనల్లుడికి ఇస్తే మర్నాడు పొద్దున్నే ఫోన్.

“మావయ్యా, ఈవిడ నిద్ర లేచినప్పుడల్లా మనసు విప్పుతోంది. గాయాలు మానాలని నాలుగుసార్లు పడుకున్నా. నాలుగోసారికి పెళ్ళి దాకా వచ్చేసింది.”

“నువ్వేమన్నావు?”

“నేనా? ఇంకా రక్తం కారుతోంది నాకు.”

ఆ సాయంత్రమే రెండో రకానికి మార్చి, ఒక్కో మాటకూ మధ్య నలభై ఐదు నిమిషాలు పెట్టాను.

సంభాషణ ఇంగ్లీషులోనే ఎక్కాలి, ఆట ఇంగ్లీషు కాబట్టి. కానీ మొదటి చిత్తు నేను తెలుగులోనే రాసుకుంటాను. చిత్తులో మిరేలా ఆటగాణ్ణి ఎనిమిది మాటల దాకా ‘మీరు’ అంటుంది. తొమ్మిదో మాటలో, చేతికి కట్టు కడుతూ, “కదలకు, నువ్వు కదిలితే మళ్ళీ విప్పాలి” అంటుంది. తెలుగు చిత్తులో ప్రేమ మొదలైంది అక్కడే, ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులోకి తెస్తే అది మాయం, రెండింటికీ ఒకటే మాట కదా. వారం కొట్టుకున్నాను. చివరికి ఎనిమిది మాటల దాకా ఆమె చేత అతన్ని పేరు పెట్టి పిలిపించలేదు. ఆటగాడు పెట్టుకున్న పేరును పలికించే గుర్తు ఒకటుంది, దాన్ని మొదటిసారి తొమ్మిదో మాటలో వాడాను. తెలుగులో వచ్చినంత మెత్తగా రాలేదు గానీ, పని చేసింది.

ఆటలో విలన్లలో ఒకరు బోధి. మనకు చెట్టు గుర్తొస్తుంది గానీ ఈమె రక్తపిశాచుల నాయకురాలు. ఆరో అధ్యాయంలో ఆటగాడి ప్రేయసిని ఎత్తుకుపోయి పిశాచిని చేస్తుంది. ఆ తర్వాత ప్రేయసి దేహాన్ని, బోధి గుండెను తీసుకెళ్ళి పాడుబడిన గుడిలో సూర్యదేవుడు అమౌనేటర్ విగ్రహం చేతుల్లో పెడితే మనిషి తిరిగొస్తుంది. ఆట తన సొంత ప్రేమపాత్రలకే ఇది నడుపుతుంది, మన పాత్రకు మనమే రాసుకోవాలి. ఎత్తుకుపోయే ఘట్టం రాయకుండా వదిలేసినా ఆట సాఫీగానే సాగుతుంది. కానీ సగం పిశాచిని పెట్టుకుని అదెలా వదిలేస్తాం?

ఇక్కడే వైడూ విలువ తెలిసింది. ఇంకొకరి సంభాషణ మధ్యలో మన పాత్ర చేత మాట అనిపించే ఏర్పాటు అందులో ఉంది, మూల ఫైలును చేత్తో ముట్టుకోనవసరం లేదు. బోధి మొదటిసారి ఎదురైనప్పుడే మిరేలాను చూసి నవ్వుతుంది, “ఇంత ఆలస్యంగా వచ్చావేం, ఇంటికి?” అంటుంది. మిరేలా జవాబు చెప్పదు. ఆ మౌనాన్ని పదకొండుసార్లు తిరగరాశాను. మొదట్లో అక్కడ ఐదు లైన్ల ఉపన్యాసం ఉండేది.

గుడి దగ్గర రెండు దారులు పెట్టాను. ఆటగాడు కోరితే ఆమె పూర్తి మనిషిగా లేస్తుంది. అప్పుడు ఉంగరాన్ని స్క్రిప్టు మాయం చేస్తుంది, ఎండ బాధ ఉండదు, పిశాచాల జాడ పట్టే మాటలూ ఉండవు. లేదంటే ఉన్నట్టుగానే, సగం సగంగానే లేస్తుంది. రెండూ పరీక్షించడానికే రెండు నెలలు పట్టింది.

కొత్తవాళ్ళకు చెప్పేది ఒకటే: ముందు నియర్ ఇన్ఫినిటీలో ఆటలో ఉన్న ఏదో ఒక ప్రేమపాత్ర ఫైళ్ళు తెరిచి వారం పాటు చదవండి, ఏమీ మార్చకండి. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు. ఓపిక లేకపోతే మాత్రం ఇటు రావద్దు.

మేనల్లుడు పోయిన నెల ఆట ఆ గుడి దాకా ఆడాడు. ఏమాత్రం ఆలోచించకుండా ఆమెను పూర్తి మనిషిని చేసేశాడు. రెండ్రోజుల తర్వాత ఫోన్ చేసి, “మావయ్యా, పిశాచాలు వస్తున్నాయని ముందే చెప్పేది కదా, ఇప్పుడు చెప్పట్లేదేంటి?” అన్నాడు. గుడికి ముందు సేవ్ ఉందా అని అడిగాను. దాని మీదే మళ్ళీ సేవ్ చేశాడట.