కర్నూలులో పాత ఎయిర్ ట్యాంకు కొంటున్నారా? ముందు రంగు గీకి చూడండి

కోపం ఇంకా దిగలేదు, మాట కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ఇంటి వెనక షెడ్డులో బండ్ల పనికి చిన్న ఎయిర్ కంప్రెసర్ కట్టుకుందామని మొదలుపెట్టా. టైర్లకు గాలి, కార్బొరేటర్ ఊదుకోవడం, ఎప్పుడైనా స్ప్రే పెయింటింగు, అంతే. పంచర్ షాపు మూసేసినవాళ్ల దగ్గర హెడ్డు, అంటే గాలిని నొక్కే భాగం, దొరికింది. ఒక హెచ్‌పీ మోటారు ఇంట్లోనే ఉంది. బెల్టు, పుల్లీ, ప్రెషర్ స్విచ్, సేఫ్టీ వాల్వు తలా ఒక చోట కుదిరాయి. ఇక ట్యాంకు ఒక్కటే తక్కువ. దానికోసం ఆ గుజిరీ కొట్టుకు పోయా. పాత లారీ సామాను కావాలంటే 'మనోడే, మోసం చేయడు' అని అందరూ పంపిస్తారు చూడండి, అక్కడికే.

లారీ బ్రేకులకు వాడే గాలి ట్యాంకు. కొత్తగా వేసిన బూడిద రంగు తళతళలాడుతోంది. కంపెనీ బిళ్ల ఉండాల్సిన చోట గ్రైండరు గీతలు. "లారీ బ్రేకులు ఎనిమిది కేజీల మీద పనిచేస్తాయి, నీ బండి టైరు దీనికి ఒక లెక్కనా ప్పా?" అన్నాడు కొట్టాయన. ఆ మాట వరకు నిజమే, లారీల్లో గాలి ప్రెషరు (చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలని లెక్క) ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గాలి పట్టి చూపించమంటే పక్క షాపు నుంచి పైపు లాగి పట్టించాడు కూడా. గేజీ ముల్లు ఎనిమిది మీద నిలబడింది. సబ్బు నీళ్లు రాసి, బుడగ ఒక్కటీ రావడం లేదు చూడమన్నాడు. ఎంత శ్రద్ధో! 4,800 రూపాయలు, అదీ నగదే కావాలన్నాడు. బిల్లు అడిగితే నవ్వాడు.

మా వీధిలో లేత్ పనిచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. "గాలి పట్టేముందు నీళ్లతో చూసుకో నాయనా" అన్నాడు. నీళ్లు గాలిలాగా నొక్కుకోవు. అందుకే నీళ్లు నిండిన ట్యాంకు పగిలితే కారుతుంది, గాలి నిండిన ట్యాంకు పగిలితే పేలుతుంది. ఎనిమిది కేజీలకు వాడాలంటే ఒకటిన్నర రెట్లు, అంటే పన్నెండు దాకా నీళ్లతో తట్టుకోవాలి. ప్లంబర్లు పైపులు టెస్ట్ చేసే చేతి పంపు అడిగి తెచ్చా. లోపల గాలి లేకుండా గొంతు దాకా నీళ్లు నింపి కొట్టడం మొదలుపెట్టా.

పన్నెండు ఎక్కడిది! ఆరు దాటకముందే అడుగున వెల్డింగు పక్కన రంగు బొబ్బలా లేచింది. చూస్తుండగానే అది పుటుక్కున ఊడి నీళ్లు చిమ్మాయి. నీళ్లు పారబోసి స్క్రూడ్రైవర్‌తో గీకితే రంగు కింద లప్పం, టింకరింగ్ షెడ్లలో కార్ల సొట్టలకు పూసేది. లప్పం కింద దోమల జాలి ముక్క. జాలి కింద కందిగింజంత చిల్లులు మూడు. చుట్టూ ఇనుము వేలితో నొక్కితే రాలుతోంది. అంటే కొట్లో గేజీ ముల్లు ఎనిమిది మీద నిలబడలేదు, ఇరుక్కుపోయింది.

ట్యాంకును ఆటోలో వేసుకుని వెనక్కి పోయా. దింపగానే కొట్టాయన అడిగిన మొదటి మాట, "నీళ్లు పోసినావా?"

పోశానన్నా.

"ఇనుములో నీళ్లు పోస్తే తుప్పు పట్టక ఏం చేస్తాది? మంచి సామాను చెడగొట్టి నా మీదికి తెస్తావేంది ప్పా?"

చుట్టూ ఉన్న నలుగురూ అవునన్నట్టు తలూపారు. పొద్దున పోసిన నీళ్లకు మధ్యాహ్నానికల్లా ఇనుము కరిగి చిల్లులు పడ్డాయంట! వాటి మీద దోమల జాలి దానంతటదే మొలిచి, పైన లప్పం పేరుకుని, రంగు కూడా ఆరిపోయిందంట! కర్నూలు నీళ్లకు ఇంత మహిమ ఉందని ఇన్నాళ్లూ తెలీదు.

ఇంతలో ఆయన వెనక ఒక కుర్రాడు ఇంకో ట్యాంకును బోర్లించుకుని అడుగున లప్పం పూస్తూ కనిపించాడు. పక్కనే అదే బూడిద రంగు డబ్బా. నేను అటు చూడడం ఆయన చూశాడు. కుర్రాణ్ని "లోపలికి పోరా" అని కసిరి, నా వైపు తిరిగి "టీ తాగుతావా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. తిట్టినా అంత మండేది కాదు.

డబ్బులు వెనక్కి ఇవ్వనన్నాడు. ఇంకో వెయ్యి ఇస్తే పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఇస్తాడంట. అది చప్పుడు చేయదు, నిజమే, కానీ గాలి నిదానంగా వస్తుంది, ఆపకుండా నడిపితే వేడెక్కుతుంది, గాలితోపాటు ఆయిల్ కూడా కక్కుతుంది. స్ప్రే పెయింటింగుకు ఇంకేం కావాలి! అదీ వద్దంటే గ్యాస్ సిలిండరుకు నిపుల్ వెల్డింగు చేసిస్తాడంట. ఇంటి సిలిండరు గ్యాస్ కంపెనీ సొత్తు, దాన్ని కోసి ఇంకో పనికి వాడితే కేసవుతుంది. పైగా గ్యాస్ మిగిలిన సిలిండరు మీద వెల్డింగు రాడ్డు పెడితే ఏమవుతుందో ఆయనకు తెలీదా? వద్దన్నందుకు "యాడికైనా పోయి చెప్పుకో పో" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామంటే చేతిలో బిల్లు ముక్క లేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ ట్యాంకు పక్కనే కూర్చుని నేను టైర్లు విప్పేవాణ్ని. మా అన్న కొడుకు ఆ షెడ్డులోనే ఆడుకుంటాడు. ఆయనకు ఇవేవీ పట్టవు, టీ ఒకటి చాలు.

కొనేవాళ్లకు రెండు మాటలు. తుప్పు లోపలి నుంచి వస్తుంది. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది, కాబట్టి పైపైన చూస్తే ఏమీ తెలియదు. అడుగున గీకి చూడండి, చిన్న సుత్తితో తట్టండి, మొద్దు శబ్దం వస్తే వదిలేయండి. మీ గేజీ మీరే పట్టుకుపోండి. నీళ్ల టెస్టు కాకుండా గాలి పట్టొద్దు. కొన్నాక కూడా అడుగున ఉండే కాక్ (చిన్న కుళాయి) తిప్పి రోజూ నీళ్లు వదలాలి. చిల్లుకు ప్యాచ్ వెల్డింగు వేసిస్తామంటే అసలే వద్దు.

హెడ్డు, మోటారు ఖాళీగా పడి ఉన్నాయి. నలభై యాభై లీటర్ల ట్యాంకు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నీళ్ల టెస్టు మీ ముందే చేసుకుని డబ్బులిస్తా. పైన కాస్త తుప్పున్నా పర్లేదు, కొత్త రంగు మాత్రం వేయొద్దు.