నవ్వు ఎక్కడ గట్టిది: టీవీ స్కిట్లోనా, సినిమాలోనా?

కావలిలోనో కందుకూరులోనో కాలేజీ వార్షికోత్సవానికి స్కిట్ రాసే పిలకాయలు ముందు టీవీ స్కిట్లే చూస్తారు. చూడొచ్చు, కానీ అక్కడ నేర్చుకోదగ్గది బిగువు ఒక్కటే. నవ్వు నాణ్యం సినిమాలోనే ఎక్కువ.

2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైనప్పటి నుంచి స్కిట్‌కు ఒక అచ్చు కుదిరింది: కొద్ది నిమిషాలు, నలుగురైదుగురు మనుషులు, మాటకు మాట. వారం వారం కొత్తది కావాలి కాబట్టి పాత్రను పెంచే తీరిక ఉండదు. అందుకే పంచ్ మనిషి గుణం మీద కాకుండా ఒంటి మీద పడుతుంది: లావు, నలుపు, బట్టతల, ఆడవేషం. మధ్యమధ్యలో జడ్జీలు పగలబడి నవ్వడం చూపిస్తారు, దాంతో మనమూ నవ్వేస్తాం. ఆ మాటలే కాగితం మీద రాసుకుని చదవండి. అప్పుడూ నవ్వొస్తే అది మంచి స్కిట్.

మన చేపల పులుసునే తీసుకుందాం, మర్నాటికి రుచి పెరుగుతుందని నెల్లూరులో అందరికీ తెలుసు. స్కిట్లో పెళ్ళిచూపులకొచ్చినవాడు "పులుసు యాడ మామా?" అంటాడు. "రేపటికైతే ఇంకా రుచబ్బయ్యా." "అయితే పిల్లనీ రేపే చూస్తాలే!" అరనిమిషంలో పనైపోయింది. సినిమాలో ఆ మామ పిసినారి. మొదటి పావుగంటలో చుట్టాలకు పులుసు దాక చూపించి, ఆ మాటే చెప్పి, మూత పెట్టేస్తాడు. గంట తర్వాత ఆకలితో నకనకలాడుతూ కూతురింటికొస్తాడు. కూతురు ముఖంలో నవ్వు లేకుండా దాక మీద మూత పెట్టి, "రేపటికైతే ఇంకా రుచి నాయనా" అంటుంది. ఆ మాటలో చమత్కారం ఏమీ లేదు, అయినా హాలు గొల్లుమంటుంది. విత్తనం ఎప్పుడో పడింది మరి. చెడేది ఎక్కడంటే, కూతురు నోరు తెరిచేలోపే కెమెరా దాకను దగ్గరగా చూపిస్తే ప్రేక్షకుడు పసిగట్టేస్తాడు.

ఒంటితో నవ్వించడం తక్కువ పని కాదు. నెల్లూరు జిల్లావాడైన రమణారెడ్డి బక్కపలచని మనిషి. 1957 నాటి మాయాబజార్‌లో చిన్నమయగా ఆయన్ని చూడండి. నవ్వు ఆ బక్కతనాన్ని వెక్కిరిస్తే వచ్చింది కాదు, అంత సన్నటి మనిషి గురువునని దర్పం పోతుంటే వచ్చింది.

అలాగని సినిమా అంతా బంగారం కాదు. కథతో పనిలేని కామెడీ ట్రాక్ అతికించిన సినిమా కంటే స్కిట్టే నయం. ఇక టీవీలోనూ పాత్ర కుదిరితే ఎంత బలమో 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన అమృతం చూపించింది. అమృతం వేషంలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారినా ఆ సీరియల్ నిలబడింది. హోటలూ, ఇంటి ఓనరూ, పక్కన గుండు హనుమంతరావు ఆంజనేయులూ అప్పటికే జనానికి ఇంట్లోవాళ్ళైపోయారు.

కాలేజీ స్టేజీకి ఎనిమిది నిమిషాలిస్తే మొదటి నిమిషంలో పులుసు దాక పెట్టండి, ఏడో నిమిషందాకా దాన్ని ముట్టుకోవద్దు. "ఏంది", "యాడ" అని వాక్యానికొకటి తగిలిస్తే నెల్లూరు యాస కాదు, ఇంట్లో మాట్లాడినట్టే రాయండి. జనం నవ్వుతుండగా తర్వాతి మాట అనేస్తే అది వినపడకుండా పోతుంది. టీవీలో ఆ ఖాళీ ఎడిటర్ చూసుకుంటాడు, స్టేజీ మీద నటుడే నవ్వు సగానికి తగ్గేదాకా ఆగాలి.