ఆర్‌సీబీఎస్ రాక్ చకర్: తొందరపడేవారికి పనికిరాని ప్రెస్

మా నాన్నగారు ప్రొద్దుటూరులో కంసాలి. గురివింద గింజల తూకం చూస్తూ పెరిగాను కాబట్టి, టెక్సాస్‌లో సొంతంగా తూటాలు నింపుకోవడం మొదలుపెట్టినప్పుడు తుపాకిమందునూ గుండ్లనూ తూచే గ్రెయిన్ల లెక్క కొత్తగా అనిపించలేదు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే గురివింద గింజలో సగానికి కాస్త ఎక్కువ.

నాలుగేళ్లుగా రాక్ చకర్ సుప్రీమ్ వాడుతున్నాను. తూటాలు నింపడానికి వాడే పోత ఇనుప ప్రెస్. బల్లకు బోల్టులు బిగించిన రోజు నుంచి ఇంతవరకు కదలలేదు. పిడి దించితే కేసు, అంటే తూటా ఇత్తడి గొట్టం, దాన్ని సరిచేసే అచ్చయిన డైలోకి ఎంత బిగుతుగా వెళుతోందో అరచేతికి తెలిసిపోతుంది. ఇది సింగిల్ స్టేజ్, ఒకసారికి ఒకే డై, ఒకే పని. యాభై తూటాలకు నాకు గంటన్నర పడుతుంది. వారానికి వెయ్యి కాల్చేవారు దీని జోలికి పోవద్దు. డైలు విడిగా కొనాలి. కార్బైడ్ అనే గట్టి లోహపు రింగున్నవి తీసుకుంటే రివాల్వర్ తూటాల్లాంటి నిటారు కేసులకు నూనె రాసే పని తప్పుతుంది.

నాది రూగర్ బ్లాక్‌హాక్ రివాల్వర్, .45 కోల్ట్ తూటాది. 1873లో పాతకాలపు నల్ల తుపాకిమందు కోసం పుట్టిన తూటా. బ్లాక్‌హాక్ గట్టిది కనుక తూటాలు నింపే కొలతలిచ్చే లోడింగ్ పుస్తకాల్లో దానికని మరింత బలమైన తూటాలకు విడిగా పేజీలుంటాయి. ఆ తూటాలను పాత కోల్ట్ రివాల్వర్‌లో పెడితే సిలిండరే పగలవచ్చు. అందుకే నా డబ్బాలకు ఎర్ర రంగు పూస్తాను.

మొదటి విడతలో 255 గ్రెయిన్ల సీసపు గుండ్లు కూర్చాను. కేసు అంచును గుండు గాడిలోకి మడిచే క్రింప్ మాత్రం భయంభయంగా, తేలికగా వేశాను. నాలుగు కాల్చేసరికి, ఆ కుదుపులకు అయిదో తూటాలోని గుండు ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడింది. తప్పు పూర్తిగా నాదే. డైని మళ్లీ సరిచేసుకున్నాక ఆ బాధ లేదు. ఒకసారి కుదిర్చిన డై యాభయ్యో తూటాకు కూడా అదే క్రింప్ వేస్తుంది. నేను ఈ ప్రెస్‌ను మార్చకపోవడానికి అదే కారణం.

తుపాకిమందు తూచడానికి కొన్న డిజిటల్ త్రాసు మాత్రం నన్ను ఏడిపించింది. అంకె నిలవదు. తిరిగి పంపించేద్దామని డబ్బాలో సర్దుతుంటే వీడియో కాల్‌లో నాన్నగారు చూశారు.

"నీ నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే త్రాసును తిడతావేమిరా?"

ఫ్యాను ఆపాను. అంకె నిలిచింది.