ఎటిమ్‌ఆన్‌లైన్ ఎంత నమ్మవచ్చు? ‘ఫ్లా’ అనే మాటతో ఒక పరీక్ష

ఇంగ్లిష్ మాటల పుట్టుక వెతికేవారికి ఉచితంగా దొరికే వాటిలో ముందు చెప్పుకోవాల్సింది డగ్లస్ హార్పర్ కూర్చిన ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. ఎటిమ్‌ఆన్‌లైన్ అన్నది దాని వాడుక పేరు. దాని బలమూ బలహీనతా రెండూ ‘ఫ్లా’ (flaw) అనే చిన్న మాట దగ్గరే బయటపడతాయి.

ఫ్లా అంటే మనకు తెలిసిన అర్థాలు లోపం, దోషం, పగులు. ఇందులో వెతికితే మొదట కనిపించేది మాత్రం పెచ్చు. 14వ శతాబ్దం తొలినాళ్లలో మంచు రేకునూ, నిప్పురవ్వనూ, చీలిక ముక్కనూ ఫ్లా అనేవారు. మూలం స్కాండినేవియా వారి పూర్వభాష అయిన పాత నార్స్‌లోని ‘ఫ్లాగా’, అంటే పలకరాయి, రాతి పొర. నేలకు పరిచే బండను ఫ్లాగ్‌స్టోన్ అంటారే, అందులోని ‘ఫ్లాగ్’ దీనికి చుట్టమే. లోపం అనే అర్థం 1580లలో గానీ రాతకెక్కలేదు. అదీ ముందు మనిషి గుణంలోని లోపానికే. వస్తువుల దాకా వచ్చేసరికి 1600 ప్రాంతం. ఊడిన పెచ్చు పేరే లోపానికి దారితీసి ఉంటుందని అక్కడి వివరణ.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. తప్పు జరిగేది అక్కడే. అదే స్పెల్లింగుతో రెండో ఆరోపం, అంటే నిఘంటువులో విడిగా ఇచ్చిన మరో పదం, ఉంది: ఉన్నట్టుండి విసిరే గాలి, 1510ల నాటిది. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ ఐదో అంకం మొదటి రంగంలో, గోడకు మట్టి మెత్తి ఆపాలనుకునే ‘చలికాలపు ఫ్లా’ ఇదే. మొదటి ఆరోపం మాత్రమే చూసినవారు దాన్ని లోపం అని అనువదిస్తే వాక్యం చెడిపోతుంది. అందుకే పేరు పక్కనున్న 1, 2 అంకెలు చూసి, అన్నీ చదివాకే అర్థం ఖాయం చేసుకోవాలి.

గుర్తులు కూడా తెలిసి ఉండాలి. సంవత్సరం ఆ మాట పుట్టిన తేదీ కాదు, రాతలో దొరికిన తొలి ఆధారానిది. ‘14సి’ అంటే 14వ శతాబ్దం, అంటే 1300ల కాలం. దాన్ని 1400లుగా చదవడం తరచూ జరిగే పొరపాటు. నక్షత్రం గుర్తున్న రూపం ఎక్కడా రాసి దొరికింది కాదు, చుట్టపు భాషలను పోల్చి పండితులు ఊహించి కట్టింది. ‘బహుశా’ అన్న చోట ఆ మాటను వదిలేసి ఉటంకిస్తే ఊహ కాస్తా నిజమై కూర్చుంటుంది.

అనువాదకులకు అసలు లాభం దగ్గరి అర్థమున్న పక్క మాటలనూ వెతికినప్పుడే. బ్లెమిష్ పాత ఫ్రెంచిలో పాలిపోయేలా చేయడం, గాయపరచడం అనే క్రియ నుంచి వచ్చింది. చర్మం మీది మచ్చకు అది అతుకుతుంది. డిఫెక్ట్ వెనకున్న లాటిన్ క్రియకు అర్థం విడిచిపోవడం, కొరవడటం. దానికి మన ‘కొరత’ దగ్గర. ఫ్లా గాజులో, పోత లోహంలో, రత్నంలో కనిపించే పగులు లాంటిది. వాదనలోని బీటకూ సరిపోతుంది. ఈ మూడింటికీ ‘లోపం’ అనే ఒక్క మాటే వేస్తే తేడా అంతా చచ్చిపోతుంది.

ఎటిమ్‌ఆన్‌లైన్‌లో పెద్ద కొరత ఒకటుంది. సంవత్సరం ఇస్తుంది గానీ, ఆ ఏడు ఎవరు ఏ వాక్యంలో వాడారో మామూలుగా చూపదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ తేదీలతో సహా ఆ వాక్యాలను వరసగా ఇస్తుంది, కానీ దానికి చందా కట్టాలి. వ్యాసంలో ఆధారం చూపాల్సినవారు గ్రంథాలయంలోనైనా దాన్ని తెరవక తప్పదు. మాట అర్థం ఎటు నుంచి ఎటు నడిచిందో తెలుసుకోవడానికైతే ఎటిమ్‌ఆన్‌లైన్ చాలు. మన భాషనూ అది మరవలేదు: బాండికూట్ అని వెతికి చూడండి, తెలుగు ‘పందికొక్కు’ దగ్గరికే తీసుకొస్తుంది.