పాత ఫ్లాష్‌లు, డిజిటల్ కెమెరాలు: ఏళ్ల తరబడి వాడాక నా లెక్క

పాత ఫ్లాష్ కొనాలనుకునేవాళ్లకి ముందే ఒక మాట. 1990ల నాటి టీటీఎల్ ఫ్లాష్ (లెన్సు గుండా వచ్చిన వెలుగుని కెమెరాయే కొలిచే రకం) కంటే 1970ల నాటి ఆటో ఫ్లాషే ఇవాళ్టి డిజిటల్ కెమెరాతో బాగా పనిచేస్తుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ కారణం చిన్నదే. ఆటో ఫ్లాష్‌కి కన్ను దాని ముందు భాగంలోనే ఉంటుంది. మనిషి మీద పడి తిరిగొచ్చిన వెలుగుని అదే కొలుచుకుని, చాలనుకోగానే ఆగిపోతుంది. కెమెరాలో రీలుందా, సెన్సర్ ఉందా దానికి అనవసరం. తర్వాతొచ్చిన టీటీఎల్‌లో ఆ కొలత కెమెరా లోపల జరిగేది, అదీ రీలు మీద పడి చెదిరిన వెలుగుని చూసి. సెన్సర్ మీద వెలుగు అలా చెదరదు. అందుకే డిజిటల్ వచ్చాక కంపెనీలు ముందొక చిన్న మెరుపు మెరిపించి కొలిచే పద్ధతికి మారిపోయాయి, పాత టీటీఎల్ అక్కడితో చెల్లిపోయింది.

నా దగ్గర ఇప్పటికీ పనిచేస్తున్నవి రెండు వివిటార్ 283లు, ఒక నికాన్ ఎస్‌బి-26, నేషనల్ కంపెనీ చిన్న ఫ్లాష్‌లు కొన్ని. అన్నీ నెల్లూరు, కందుకూరు, ఒంగోలు వైపు మూతబడిన స్టూడియోల నుంచి వచ్చినవే. రీలు కాలం పోయాక మా వైపు చాలా స్టూడియోలు జిరాక్సు షాపులైపోయాయి. అటక మీద అట్టపెట్టెలో ఫ్లాషు, వెలుగుని మెత్తబరిచే గొడుగు, కెమెరాకి కలిపే సింక్ వైరు అన్నీ కలిపే ఇచ్చేస్తారు. "తీసకపోబ్బా, అటకన్నా ఖాళీ అవుద్ది" అని ఒక పెద్దాయన టీ కూడా ఇప్పించి పంపాడు.

అసలు గొడవంతా వోల్టేజీ దగ్గరే. పాత ఫ్లాష్ వెలగాలంటే కెమెరా దాని రెండు కాంటాక్టులని కలపాలి. రీలు కెమెరాలో ఆ పని చేసేది రెండు లోహపు రేకులు, వాటికి ఎంత వోల్టేజీ వచ్చినా పెద్ద బాధ లేదు. డిజిటల్ కెమెరాలో అదే పని చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ చేస్తుంది. దానికో హద్దుంది, దాటితే పాడైపోవచ్చు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మాన్యువళ్లలో ఆ హద్దు 250 వోల్టులు అని ఉంటుంది, మైనస్ వోల్టేజీ అసలు వద్దని కూడా రాస్తారు. ఫుజి ఎక్స్ సిరీస్‌లో 300 వోల్టులు దాటొద్దంటారు. కానన్ తొలినాటి డిజిటల్ బాడీల్లో కొన్నిటికి మాత్రం 6 వోల్టులే.

మోడల్ పేరు చూసి వోల్టేజీ తేల్చుకోవడం కుదరదు. వివిటార్ 283నే తీసుకోండి. జపాన్‌లో తయారైన తొలి రకాలు వందల వోల్టులు వదులుతాయి, తర్వాత కొరియాలో, చైనాలో చేసినవి మామూలుగా పది పన్నెండు వోల్టుల లోపే ఉంటాయి. పైకి రెండూ ఒకటే నలుపు, ఒకటే గుండ్రటి డయలు. అడుగున ఏ దేశమో చూసుకున్నా సరే, మీటరు పెట్టకుండా నేను ఏ ఫ్లాషునీ కెమెరా దరిదాపులకి రానివ్వను.

కొలవడం కష్టమేం కాదు. మల్టీమీటరుని డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టాలి. ఎర్ర వైరు ఫ్లాష్ కాలి మధ్యనున్న చుక్కకి, నల్ల వైరు పక్క అంచున ఉండే లోహానికి. కొత్త సెల్లులు వేసి, రెడీ లైటు వెలిగాక ఇంకాస్త ఆగి చదవాలి. నా జపాన్ 283ని నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక టీవీ మెకానిక్ అన్న బల్ల మీద ఇలాగే చూశాం. స్విచ్ వేయగానే సన్నటి కూత మొదలైంది. అంకెలు యాభై, నూట పది, నూట ఎనభై అని ఎక్కుతూ పోయి, లైటు వెలిగే వేళకి రెండొందల నలభై దాటి నిలబడ్డాయి. "దీన్ని కెమెరాకి తగిలిస్తావా, ఫ్రిజ్జుకి తగిలిస్తావా సామీ?" అన్నాడాయన. కొరియా 283కి అదే మీటరు తొమ్మిది కూడా చూపలేదు.

ఇక్కడ ఇంకో సంగతి. మామూలు డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్సు 10 మెగా ఓములు. ఫ్లాష్ ట్రిగ్గర్ సర్క్యూట్లో కూడా పెద్ద పెద్ద రెసిస్టర్లే ఉంటాయి కాబట్టి మీటరు చూపే అంకె అసలు కంటే తక్కువ కావచ్చు. కెమెరా హద్దుకి దగ్గర్లో చూపించిందంటే దాటినట్టే అనుకోండి. మైనస్ గుర్తు కనిపిస్తే వైర్లు తిరగబడలేదని చూసుకుని, ఆ ఫ్లాషుని షోకేసులో పెట్టేయండి.

నా వాడకంలో ఆ జపాన్ 283 రేడియో ట్రిగ్గర్ (వైరు లేకుండా ఫ్లాషుని వెలిగించే జత) రిసీవరు మీద మాత్రమే కూర్చుంటుంది. ఫ్లాష్ వోల్టేజీ రిసీవరు దగ్గరే ఆగుతుంది, కెమెరా మీద ఉండేది ట్రాన్స్‌మిటరే. రిసీవర్లకీ హద్దులుంటాయి, చవక రకాలకి మరీ తక్కువ, దాని కాగితం చదివి కొనండి. వోల్టేజీని 6కి లోపు దించే వీన్ సేఫ్-సింక్ లాంటి అడాప్టర్లు కూడా ఉన్నాయి గానీ, ఫ్లాషుకి పెట్టిన డబ్బుకి నాలుగింతలు దానికి పెట్టడం నాకు నచ్చదు.

ఈ మధ్య కుర్రాళ్లు ఎక్కువగా కొంటున్న కానన్ 200డి మార్క్ 2, 3000డి, ఆర్100 లాంటి బాడీల్లో హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ కూర్చునే చోటు) మధ్యలో ఫ్లాషుని వెలిగించే ఆ చుక్కే లేదు. వాటి మీద పాత ఫ్లాష్ ఏదీ వెలగదు, మామూలు సింగిల్ పిన్ ట్రిగ్గరు కూడా వెలగదు. షాపువాడు చెప్పడు, పెట్టె మీదా ఉండదు. మీ కెమెరా పైకప్పు ఒకసారి చూసుకున్నాకే అటకల వెంట పడండి.

ఇక ఫొటోల సంగతి. కెమెరాని మాన్యువల్‌లో, షట్టరు 1/125లో పెడతాను. మిర్రర్‌లెస్ అయితే ఎలక్ట్రానిక్ షట్టరు తీసేయాలి, లేదంటే చాలావాటిలో ఫ్లాష్ పలకదు. ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ (ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో తెర మీద ముందే చూపేది) కూడా ఆపాలి, లేకపోతే తెర మొత్తం నల్లగా ఉండి కెమెరా పాడైందేమో అనుకుంటారు. 283 డయలు మీద ఐఎస్‌ఓ తిప్పితే, ఏ రంగు చుక్కకి ఏ అపెర్చరో (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో) అదే చూపిస్తుంది. ఫుల్ పవర్లో దాని గైడ్ నంబరు (దూరాన్ని అపెర్చరు అంకెతో గుణిస్తే వచ్చేది) ఐఎస్‌ఓ 100కి 120 అడుగులు, అంటే ఎఫ్/8 దగ్గర 15 అడుగుల దూరానికి చాలు. మండపంలో గొడుగు లేకుండా గ్రూపు ఫొటోకి ఇది బ్రహ్మాండం.

ఆటో కన్ను మోసపోయే చోట్లు మన పెళ్లిళ్లలోనే ఎక్కువ. తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు ముందు వరసలో ఉంటే ఫొటో నల్లబడుతుంది, అపెర్చరు అర స్టాపు తెరవాలి. రాత్రి ఆరుబయట వెనకంతా చీకటైతే ముఖాలు తెల్లగా పేలిపోతాయి, అక్కడ మూయాలి. ఫ్లాష్ తల పైకెత్తి సీలింగు మీద కొట్టేటప్పుడు రంగు చూసుకోండి. మన పాత ఇళ్లలో సగం వాటికి గోడలు ఆకుపచ్చో, నీలమో. పెళ్లికూతురి ముఖం అదే రంగులోకి తిరుగుతుంది, వైట్ బ్యాలెన్సు ఎంత లాగినా పూర్తిగా పోదు.

283లో నాకు చిరాకు తెప్పించేది మాన్యువల్ మోడ్. ఫుల్ పవరొక్కటే. తగ్గించాలంటే సెన్సర్ తీసి ఆ చోట వేరీపవర్ ముక్క పెట్టాలి, అది ఇప్పుడు దొరకడం గగనం. ఈ విషయంలో ఎస్‌బి-26 దాన్ని ఎక్కడో వదిలేస్తుంది. పవరు 1/64 దాకా దిగుతుంది, తల పక్కకీ పైకీ తిరుగుతుంది, ట్రిగ్గర్ వోల్టేజీ తక్కువ, పైగా ఇంకో ఫ్లాషు వెలుగు చూసి తనంతట వెలిగే కన్ను లోపలే ఉంది. ఇదీ టీటీఎల్ కాలపుదే కాబట్టి నికాన్ డిజిటల్ మీద టీటీఎల్ రాదు, ఆటో (A) మోడో మాన్యువల్ (M) మోడో పెట్టుకోవాలి. ముందున్న ఫ్లాషు టీటీఎల్‌లో ఉంటే దాని తొలి మెరుపుకే ఇది వెలిగిపోతుంది కాబట్టి దాన్ని కూడా మాన్యువల్‌లో పెట్టాలి. ఒక్కటే కొంటానంటే ఎస్‌బి-26 కొనమంటాను. నేషనల్ చిన్నవి ముచ్చటకే.

ఏళ్లు ఖాళీగా పడున్న ఫ్లాష్ కొన్న రోజే టపటపా కొట్టకండి. లోపలి కెపాసిటర్ నీరసించి ఉంటుంది. సెల్లులు వేసి రెడీ లైటు వెలిగాక, కొట్టకుండా కొన్ని నిమిషాలు అలా వదిలి, ఆపి, మళ్లీ అదే చేయాలి. లైటు రావడానికి పట్టే సమయం తగ్గుతూ వస్తే బతికినట్టే. కాలిన వాసనొచ్చినా, ఒళ్లు వేడెక్కినా ఆపేయండి. విప్పి చూద్దామనే సరదా మాత్రం వద్దు, స్విచ్ ఆపినా ఆ కెపాసిటర్లో 300 వోల్టుల పైచిలుకు నిలిచే ఉంటుంది. సముద్రం గాలికి మా వైపు టెర్మినళ్లు తొందరగా చిలుం పడతాయి. ఆల్కలైన్ సెల్లు కారిన తెల్ల పొడికి దూది మీద కాస్త వెనిగర్ చాలు. వాడని నెలల్లో సెల్లులు తీసేసి, అప్పుడప్పుడూ వేసి ఒకసారి ఛార్జ్ చేస్తే చాలాకాలం వస్తాయి.

కొనేముందు 283లో సెల్లులు పెట్టే ప్లాస్టిక్ గూడు ఉందో లేదో తెరిచి చూడండి. అది బయటికి ఊడొచ్చే ముక్క, స్టూడియోల్లో ముందు పోయేది అదే. గూడూ, ముందరి సెన్సరూ రెండూ ఉంటే మూడు నాలుగొందలు పెట్టొచ్చు. ఏ ఒక్కటి లేకపోయినా ఊరికే ఇచ్చినా నేను తెచ్చుకోను.