బేస్ గిటార్ రికార్డింగ్: డైరెక్ట్ లైన్ మేలా, యాంప్ ముందు మైకు మేలా?

మా కోనసీమలో ఎవరైనా "బేస్ బాగా రావాలండి" అన్నారంటే చాలాసార్లు వాళ్ళు అడిగేది సబ్ ఊఫర్ మోతే. ఊరేగింపులో డీజే బండి పక్కనుంచి వెళ్తుంటే గుండెల్లో దడదడలాడుతుందే, అది. నేను రాస్తున్నది దాని గురించి కాదు. పాటలో గొంతు వెనకాల, తబలాకీ కీబోర్డుకీ మధ్య నిలబడి ఒక్కో స్వరాన్నీ గుండ్రంగా పలికే బేస్ గిటార్ గురించి. అది వాయిస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆపితే మాత్రం పాట కింద నేల జారిపోయినట్టుంటుంది. ఇళయరాజా పాటలు వింటూ పెరిగినవాళ్ళకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆయన పాటల్లో చాలాచోట్ల బేస్ గిటారే అడుగున ఇంకో పాట పాడుతూ ఉంటుంది.

అమలాపురం దగ్గర మేడమీద 10 అడుగులకి 12 అడుగుల గదిలో రికార్డింగ్ చేస్తుంటాను. ఎక్కువగా క్రిస్మస్ పాటలు, శ్రీరామనవమి ముందు భజన పాటలు. బేస్ వాయించడానికి వచ్చే కుర్రాళ్ళు గిటార్ కవరు విప్పుతూనే అడిగేది ఒకటే. "లైన్ ఇచ్చేద్దామా అన్నయ్యా, యాంప్ పెట్టి మైకు పెడదామా?"

డైరెక్ట్ లైన్ అంటే గిటార్ వైరు డి.ఐ. బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని రికార్డింగ్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) లోకి, అక్కడినుంచి నేరుగా రికార్డింగ్‌లోకి. మధ్యలో గాలి లేదు, గది లేదు, స్పీకర్ లేదు. రెండో దారిలో గిటార్ యాంప్‌లోకి వెళ్తుంది, యాంప్ స్పీకర్ గాలిని కదుపుతుంది, ఆ గాలిని మైకు పట్టుకుంటుంది. రెండో దానిలో ప్రాణం ఎక్కువని చాలామంది నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను.

ఆ నమ్మకం సడలిన రోజు బాగా గుర్తుంది. యాంప్ తెప్పించి, స్పీకర్ ముందు అడుగు దూరంలో మైకు పెట్టి ఒక క్రిస్మస్ పాట తీస్తున్నాం. కుర్రాడు చక్కగా వాయిస్తున్నాడు. అయితే ఓపెన్ ఏ (A) స్ట్రింగ్, అంటే వేలు నొక్కకుండా వదిలిన ఆ తీగ, మీటినప్పుడల్లా ఆ ఒక్క స్వరం పొంగిపోతోంది. దానికి తోడు ఎక్కడో సన్నగా గరగరమని చప్పుడు. అరగంట వెతికాం. చివరికి అది గది మూలనున్న ఇనప బీరువా. ఆ ఏ (A) స్వరం వచ్చినప్పుడే దాని హ్యాండిల్ అదురుతోంది. హ్యాండిల్‌కి తువ్వాలు చుడితే గరగర పోయింది గానీ పొంగు పోలేదు.

దానికి కారణం గది కొలతల్లోనే ఉంది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఎంతో, దానికి రెట్టింపు పొడవున్న అల ఆ గోడల మధ్య ఇరుక్కుని నిలబడిపోతుంది. 10 అడుగుల వైపు ఆ అల 56 హెర్ట్జ్ చుట్టుపక్కల, 12 అడుగుల వైపు 47 చుట్టుపక్కల వస్తుంది. ఓపెన్ ఏ (A) స్ట్రింగ్ 55 హెర్ట్జ్. ఈ (E) స్ట్రింగ్ మీద రెండో ఫ్రెట్ (మెట్టు), అంటే ఎఫ్ షార్ప్ స్వరం, 46. అంటే నా గది ఆ రెండు స్వరాల్నీ ఎత్తిపట్టుకుని, మిగతావాటిని వదిలేస్తోంది. వాయించేవాడి తప్పు లేదు, యాంప్ తప్పూ లేదు. మైకు స్పీకర్‌కి దగ్గరగా జరిపితే పొంగు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా అన్నిటికంటే లావు స్ట్రింగ్ ఈ (E). అది 41 హెర్ట్జ్. దాని అల పొడవు 8 మీటర్ల పైనే. అందులో సగం కూడా నా గది గోడల మధ్య పట్టదు కాబట్టి మిగతా రెండిటిలా దాన్ని గది ఎత్తిపట్టుకోదు. మన దగ్గర రికార్డింగ్ చేసేవాళ్ళలో చాలామందికి ఉన్నది ఇలాంటి గదే. అందుకే ఇలాంటి గదిలో లైనే మేలు అని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

యాంప్ పక్షాన కూడా నిజం ఉంది. రాజోలు వైపు మా పెదనాన్నగారిది పాత మండువా లోగిలి. ఒకసారి అక్కడికి యాంప్ పట్టుకెళ్ళి, మండువా చుట్టూ ఉన్న వసారాలో పెట్టి, అదే కుర్రాడితో అదే పాట తీశాను. మధ్యలో పైకప్పు లేదు కాబట్టి లోతు శబ్దం ఇరుక్కోకుండా ఆకాశంలోకి పోతుంది. పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, ఎదురెదురుగా చదునైన గోడలు తక్కువ. అక్కడ ఏ (A) స్వరం దగ్గర పొంగు లేదు. ఒక్కో స్వరం మొదట్లో చిన్న దెబ్బ, వెంటనే నిండుదనం, ఆ తర్వాత మెల్లగా తగ్గడం. స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ కదిలేటప్పుడు స్వరానికి వచ్చే ఆ మెత్తని అంచు లైన్‌లో రాదు. 1960లో వచ్చిన యాంపెగ్ బి-15 లాంటి చిన్న ట్యూబ్ యాంప్‌ని స్టూడియోలు అంతగా ఇష్టపడింది ఆ అంచు కోసమే. దానిలో ఉండేది 15 అంగుళాల స్పీకర్ ఒక్కటే, దాని మోత కూడా మోస్తరే. 1969లో వచ్చిన 300 వాట్ల ఎస్‌విటి వేదికల కోసం పుట్టింది. రికార్డింగ్‌కి పెద్ద యాంప్ కావాలనుకునేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

మండువాలో తీసిన టేక్ చివరికి పాటలో వాడలేకపోయాను. మేము మొదలుపెట్టింది సాయంత్రం. చీకటి పడేసరికి చుట్టూ రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) వేశారు. బయట కూర్చుంటే అలవాటైన హోరు, మైకులో మాత్రం పాట పొడుగునా ఉంది. లైన్‌కి ఈ బెడద లేదు. పక్కింట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నా, కింద రోడ్డు మీద ట్రాక్టర్ వెళ్తున్నా దానికి తెలియదు.

రెండూ కలిపి తీస్తే పోదా అని కొందరు అంటారు. తీయొచ్చు, ఒక సంగతి చూసుకోవాలి. అడుగు దూరంలో ఉన్న మైకుకి శబ్దం సుమారు 0.9 మిల్లీసెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. లైన్‌కి ఆ ఆలస్యం లేదు. రెండూ కలిపితే 560 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతుంది, ఒకదాన్నొకటి తినేస్తాయి. బేస్‌లో స్వరం స్పష్టంగా వినపడేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. "రెండూ కలిపాం, అయినా పీలగా ఉందేంటండీ" అని బాధపడేవాళ్ళ రికార్డింగ్ తెరిచి చూస్తే చాలాసార్లు ఇదే. సెకనుకి 48 వేల శాంపిళ్ళ రేటులో మైకు ట్రాక్‌ని సుమారు 43 శాంపిళ్ళు ముందుగా మొదలయ్యేలా జరిపితే రెండూ కలిసి నడుస్తాయి. కొలత కంటే చెవిని నమ్మండి. జరుపుతూ వింటుంటే ఒక్కచోట బేస్ ఒక్కసారిగా లావెక్కుతుంది. అదే చోటు.

లైన్‌లోనూ ఒక పెద్ద తప్పు జరుగుతోంది. ఆర్కెస్ట్రా అలవాటుతో గిటార్ వైరు తీసుకెళ్ళి మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చేస్తారు. బ్యాటరీ లేని మామూలు బేస్ పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) చాలా బలహీనమైనది. దానికి మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌ల దరిదాపుల్లో నిరోధం ఉండే ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా కొన్ని పదుల కిలో ఓమ్‌లకి మించదు. అది పికప్‌ని లాగేసి పై ధ్వనుల్ని చంపేస్తుంది. బేస్ మీద తడి దుప్పటి కప్పినట్టుంటుంది. తర్వాత ఈక్వలైజర్‌లో ఎంత ట్రెబుల్ పెంచినా బుస పెరుగుతుంది తప్ప పోయింది తిరిగి రాదు. డి.ఐ. బాక్స్ గానీ, ఆడియో ఇంటర్‌ఫేస్ మీద గిటార్ గుర్తున్న ఇన్‌పుట్ గానీ వాడాలి. "లైన్ బాగోదు" అనే చెడ్డపేరులో సగం ఈ తప్పుడు గుచ్చుడు వల్ల వచ్చిందేనని నా గట్టి అభిప్రాయం.

ఇంతకీ లైనా మైకా అన్నదాని కంటే ముందు తేలాల్సింది స్ట్రింగ్స్ సంగతి. రౌండ్‌వౌండ్ స్ట్రింగ్‌కి పైన చుట్టిన తీగ గుండ్రంగా ఉంటుంది, వేలితో నిమిరితే గరుకు తెలుస్తుంది. ఫ్లాట్‌వౌండ్‌కి చుట్టింది చదునైన పట్టీ, గాజులా నున్నగా ఉంటుంది. కొత్త రౌండ్‌వౌండ్ మోగినప్పుడు స్వరం కంటే ముందు లోహపు జంగు వినపడుతుంది. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్‌కీ, రాక్ పాటకీ అది కావాలి. గొంతు ముందుండాల్సిన మన భక్తి పాటకీ, మెలోడీకీ ఆ జంగు అడ్డం. వేళ్ళు జరిపినప్పుడు వచ్చే కీచు కూడా దానికి తోడవుతుంది.

ఈ మాట ఎవరు ఒప్పుకోకపోయినా జేమ్స్ జేమర్‌సన్ రికార్డింగులు ఒప్పిస్తాయి. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ కంపెనీ స్టూడియోలో వాయించేవాడు. ఆయనది 1962 నాటి ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ గిటార్, దాని మీద లావుపాటి ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్. తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి (తీగలు ఆనుకునే కింది కొస) దగ్గర స్ట్రింగ్స్ కింద స్పాంజి ముక్క ఉండేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. అక్కడ గిటార్లన్నీ డైరెక్ట్ లైన్లోనే రికార్డయ్యేవి. అంటే పాత స్ట్రింగ్స్, స్పాంజి ముక్క, ఒక వేలు, ఒక వైరు. ప్రపంచంలో బేసిస్టులు ఇప్పటికీ దండం పెట్టే ధ్వని అది.

ఫ్లాట్‌వౌండ్ వాడడానికి మా డెల్టా గాలి ఇంకో కారణం. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ, దానికి తోడు చేతి చెమట. రౌండ్‌వౌండ్ గాడుల్లో ఆ మురికి చేరి కొద్ది వారాల్లోనే స్ట్రింగ్ మొద్దుబారుతుంది, తుప్పు మరకలు పడతాయి. కొందరు వేడినీళ్ళలో మరిగిస్తారు. మెరుపు వస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. ఫ్లాట్‌వౌండ్‌కి గాడులే లేవు. వాయించాక పొడి గుడ్డతో తుడిస్తే ఏళ్ళ తరబడి పాడుకాదు, ఇంకా మెత్తబడుతుంది. ధర ఎక్కువే, కానీ మాటిమాటికీ కొనేవాటితో లెక్క వేసుకుంటే చవకే.

ఫెండర్ వాళ్ళ ప్రెసిషనా, జాజ్ బేసా అన్నది చాలామంది గంటలు గంటలు వాదించుకునే విషయం. నాకు అంత పెద్దదిగా అనిపించదు. 1951లో వచ్చిన ప్రెసిషన్‌కి 1957 నుంచి రెండు ముక్కల పికప్ ఉంది, అది నిండుగా మాట్లాడుతుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు పికప్‌లు. రెండూ పూర్తిగా తెరిస్తే మధ్య ధ్వని కాస్త లోపలికి పోయి పైనా కిందా తేటపడుతుంది. మన ఊళ్ళల్లో తేడా తెలిసేది కరెంటు హోరు దగ్గర. మన కరెంటు 50 హెర్ట్జ్, ఈ (E) స్ట్రింగ్ మీద మూడో ఫ్రెట్ జి స్వరం 49. అంటే హోరు సరిగ్గా ఆ స్వరం పక్కనే కూర్చుంటుంది, ఫిల్టర్ వేసి తీస్తే స్వరం కూడా పోతుంది. ప్రెసిషన్ పికప్‌లో రెండు ముక్కలూ ఎదురెదురుగా చుట్టి ఉంటాయి కాబట్టి హోరు వాటిలోనే కొట్టుకుపోతుంది. జాజ్ బేస్‌లో రెండు నాబ్‌లూ సమానంగా తెరిచినప్పుడే పోతుంది, ఒకటి తగ్గిస్తే వస్తుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇల్లయినా, ఇన్వర్టర్ మీద తీస్తున్నా ప్రెసిషన్ తరహా పికప్ ఉన్నదే తెచ్చుకోమంటాను.

వేలితో మీటాలా, ప్లెక్ట్రమ్ అనే చిన్న బిళ్ళతోనా అన్నది పాటని బట్టి. కేరల్ కే అనే బేసిస్టు లాస్ ఏంజెలెస్‌లో ప్లెక్ట్రమ్‌తోనే వాయించి, బ్రిడ్జి దగ్గర ఫెల్ట్ ముక్క పెట్టి ఎంత నిండైన ధ్వని తీసిందో వింటే ప్లెక్ట్రమ్ అంటే పీల ధ్వని అనే మాట ఇక అనం. ఎక్కడ మీటుతున్నామన్నది మాత్రం చాలా ముఖ్యం. వీణ మీటేవాళ్ళకి ఇది బాగా తెలుసు. బ్రిడ్జి వైపు జరిగేకొద్దీ బిగుసుకుని ముక్కుతో పలుకుతుంది, గిటార్ మెడ వైపు వచ్చేకొద్దీ నిండుగా, గుండ్రంగా వస్తుంది. రెండు అంగుళాల తేడాకి వచ్చే మార్పు ఏ ప్లగిన్‌తోనూ రాదు.

ఇప్పుడు పాట వినేది ఫోన్‌లో. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు, 82 కూడా పలకలేదు. అయినా బేస్ ఉన్నట్టు ఎలా తెలుస్తుందంటే, ఆ స్వరం తాలూకు పై హార్మోనిక్స్ విని చెవే అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది. ఇక్కడ ఫ్లాట్‌వౌండ్‌కి ఒక లోపం ఉంది, పై హార్మోనిక్స్ తక్కువ. అందుకని లైన్ ట్రాక్ మీద కొద్దిగా, విడిగా వింటే తప్ప తెలియనంత, డ్రైవ్ (పై హార్మోనిక్స్ పుట్టించే స్వల్ప గరుకు) కలుపుతాను. పెద్ద శబ్దాల్ని తగ్గించే కంప్రెసర్ 4:1 దగ్గర, మీటిన దెబ్బ మొద్దుబారకుండా అటాక్ (అది పని మొదలుపెట్టే వేగం) కాస్త నెమ్మదిగా. అక్కడితో ఆపుతాను.

డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు ఫ్లాట్‌వౌండ్ సెట్ కొనండి. తర్వాత మంచి డి.ఐ. బాక్స్. యాంప్ చివర, అదీ అద్దెకి తెచ్చుకున్నా చాలు. లైన్‌లో తీసిన ట్రాక్ చేతిలో ఉంటే దాన్ని రీయాంప్ బాక్స్ ద్వారా ఎప్పుడైనా యాంప్‌లోకి పంపి, స్పీకర్ ముందు మైకు పెట్టి మళ్ళీ తీసుకోవచ్చు. గదిలో పొంగిపోయిన మైకు ట్రాక్‌ని వెనక్కి తిప్పే దారి మాత్రం లేదు. ఈ సంక్రాంతికి నేను చేయబోయేది ఆ రీయాంప్ పనే. మూడు పాటల లైన్ ట్రాకులు పట్టుకుని పెదనాన్నగారింటికి వెళ్తున్నాను. ఈసారి సాయంత్రం కాదు, ఎండ బాగా ఎక్కి చెరువుల మీద ఏరేటర్లు ఆపాక మొదలుపెడతాను.